వంటింటి గాలిలో సన్నధూళిని కొలవడం ఎలా?

విజయవాడ, గుంటూరు ఇళ్లలో వంటింటి గాలిని కొలవడం చాలా ఏళ్లుగా నా పని. ఈ మధ్య మీటర్లు చవకయ్యాయి. దానితోపాటు, తాలింపు మూకుడు మీద మీటరును పట్టుకుని, తెరమీద కనబడిన పెద్ద అంకెను ఫొటో తీసి “మా ఇంటి గాలి చూడండి” అని నాకు పంపేవారూ పెరిగారు. ఆ అంకె మూకుడు గురించి చెబుతుందే గాని, మనం పీల్చే గాలి గురించి చెప్పదు.

కావలసినవి కొద్దే. పీఎం 2.5ను, అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా సన్నని రేణువులను లేజర్ వెలుగుతో కొలిచి, నిమిషానికొక రీడింగ్ దాచుకునే మీటర్లు రెండు, కరెంటు పోతే ఆదుకునే పవర్ బ్యాంకు, కొలత టేపు, పురికొస, గళ్ల నోటుపుస్తకం. ముందురోజు రెండు మీటర్లనూ హాల్లో పక్కపక్కనే నడిపి, వాటి మధ్య తేడా ఎంతో రాసుకోవాలి. కొలత సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి మర్నాడు సాయంత్రం ఆరింటిదాకా నడపాలి. ఆదివారం మాత్రం కొలవకూడదు. ఆనాటి వంట వారంలో మరే రోజు వంటనూ పోలదు.

అసలు కష్టం మీటరును ఎక్కడ వేలాడదీయాలన్నదే. వంటిళ్ల కొలతల్లో స్థిరపడిన పద్ధతి ప్రకారం పొయ్యి అంచు నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో, నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో, తలుపులకూ కిటికీలకూ వీలైనంతవరకు 150 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. నిలబడి వంట చేసే మనిషి ముక్కు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది. 1980ల తొలినాళ్లలో గుజరాత్ గ్రామాల్లో, వంటపొగ మీద పరిశోధన చేసిన కిర్క్ స్మిత్ బృందం వంట చేసే స్త్రీల ఒంటికే పరికరాన్ని తగిలించి కొలిచింది. లెక్కించవలసింది మనిషి పీల్చే గాలినే గాని పొయ్యి వదిలే పొగను కాదన్న ఆలోచన అందులో ఉంది. మనం పరికరాన్ని గోడకు కట్టినా, ఆ ఆలోచనను వదలకూడదు.

అపార్టుమెంటు వంటింట్లో ఈ మూడు దూరాలూ ఒకేసారి కుదరడం అరుదు. అప్పుడు కిటికీ దూరాన్ని తగ్గించుకోవచ్చు గాని, ఎత్తునూ పొయ్యి దూరాన్నీ వదులుకోకూడదు. ఫ్రిజ్ మీద పెట్టకూడదు, దాని వెనకనుంచి లేచే వేడి గాలి రేణువులను పైకి తోసుకుపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను దారిలో కట్టకూడదు. మీటరు గాలి పీల్చుకునే రంధ్రం గోడవైపు తిరిగి ఉండకూడదు. పురికొసతో మేకుకు కట్టాలి. అతికించే టేపు వాడితే జిడ్డు గోడమీద అర్ధరాత్రికి ఊడి పడుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది ఆవిరి. లేజర్ మీటరుకు ధూళికణానికీ నీటితుంపరకూ తేడా తెలియదు, రెండూ వెలుగును చెదరగొట్టేవే. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంట్లో మా విద్యార్థి మీటరును పొయ్యికి సూటిగా పైన కట్టాడు. మర్నాడు గ్రాఫు తెరిస్తే మిరపకాయలు వేయించినప్పటికన్నా గంజి వార్చినప్పుడే అంకె పైకెగిరి ఉంది. ఆ 24 గంటల రీడింగులు మొత్తం పారేయవలసి వచ్చింది. కాబట్టి కుక్కరు కూతల వేళ, గంజి వార్చిన వేళ నిమిషాలతో సహా నోటుపుస్తకంలో ఉండాలి. ఫోనులో రాసుకుంటామనేవారిని నేను నమ్మను, తడిచేత్తో ఎవరూ ఫోను తీయరు. ఎండుమిరప ఘాటుకు దగ్గు తెరలు తెరలుగా వచ్చినా అంకె అంతగా కదలకపోతే మీటరు చెడిపోయిందనుకోవద్దు. అది ఘాటును కొలవదు, కార్బన్ మోనాక్సైడునూ కొలవదు.

ఇంటివారికి ఒక మాట ముందే చెప్పాలి. విజయవాడ పటమటలో ఒక పెద్దావిడ మా యంత్రం జిడ్డుపట్టి పాడైపోతుందని జాలిపడి, తాలింపు వేసిన ప్రతిసారీ దానిమీద తువ్వాలు కప్పారు. “అమ్మా, అది పాడైనా ఫరవాలేదు, కప్పకండి” అని అప్పటినుంచి ప్రతి ఇంట్లో చెబుతున్నాను. అగరుబత్తి, దోమల చుట్ట వెలిగిస్తే ఆ వేళ కూడా రాయించాలి. పూజగది పొగను పొయ్యి ఖాతాలో వేయకూడదు.

రెండో మీటరును అదే 24 గంటలూ వాన తగలని బాల్కనీలో ఉంచాలి. విజయవాడలో రద్దీగా ఉండే బెంజి సర్కిల్ కూడలి పక్కన ఉన్న ఇంట్లో వంటింటి ధూళి కొంత రోడ్డునుంచే వస్తుంది, బయటి అంకె లేకుండా పొయ్యిని నిందించలేము. వంటింటి మీటరు 24 గంటల సగటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల పరిమితితో, అంటే ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములతో పోల్చాలి. మన దేశపు 60 మైక్రోగ్రాముల ప్రమాణం 2009లో బయటి గాలికి పెట్టినది, దాన్ని వంటింటికి తెచ్చి ఊరట పొందడం సరికాదు.

మరొక రోజు అదే వంటను, పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంటయ్యాక కూడా ఆపకుండా చేయించాలి. తాలింపు తరవాత అంకె మునుపటి స్థాయికి దిగడానికి మొదటి రోజు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఈ రోజు ఎన్ని పట్టిందో పక్కపక్క గళ్లలో రాయాలి.