ఇంట్లో బీపీ సరిగ్గా ఎలా చూసుకోవాలి?

మిషన్ తప్పు చూపిస్తోందని అనుమానం వస్తే, దాన్ని తిట్టే ముందు మనం కూర్చున్న తీరు చూసుకోవాలి. తేడా చాలాసార్లు అక్కడే వస్తుంది.

మణికట్టుకు కట్టేది కాకుండా, జబ్బకు కట్టే ఆటోమేటిక్ మిషన్ కొనండి. జబ్బ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసుకుని, దానికి సరిపోయే పట్టీ అడగండి. మామూలు పట్టీ సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది.

1. చూసుకునే ముందు అరగంట పాటు కాఫీ, టీ, సిగరెట్, వాకింగ్ వద్దు. బాత్రూమ్‌కు వెళ్లి రండి. మూత్రం ఆపుకుని కూర్చుంటే పై నంబరు పెరుగుతుంది.

2. వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. మంచం అంచున కాదు, నేల మీద బాసింపట్టు వేసుకునీ కాదు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేయొద్దు. అలా 5 నిమిషాలు ఉండాలి. ఆ సమయంలో సీరియల్ చూసినా, వాట్సాప్ తిరగేసినా ఆ విశ్రాంతి లెక్కలోకి రాదు.

3. ఇక చేయి. అసలు పొరపాట్లు ఇక్కడే. పట్టీ మధ్యభాగం గుండె ఎత్తులో ఉండాలి. చేయి ఒళ్లో పెట్టుకుంటే కిందికి జారుతుంది. గుండెకు 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే చాలు, రీడింగ్ 7–8 పాయింట్లు ఎక్కువ వస్తుంది. చేయి బల్ల మీద ఆనించండి, ఎత్తు చాలకపోతే కింద దిండు పెట్టండి. గాల్లో ఎత్తి పట్టుకోవద్దు. పట్టీ ఒట్టి చర్మం మీదే కట్టాలి. చొక్కా చేయి పైకి మడిస్తే అది జబ్బను బిగిస్తుంది, కాబట్టి చేయి బయటికి తీసేయడమే మేలు. బిగుతు జాకెట్టుకూ ఇదే మాట. పట్టీ కింది అంచు మోచేతి మడతకు దాదాపు రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి.

4. బటన్ నొక్కాక మాట్లాడొద్దు. వంటింట్లోంచి "ఎంతొచ్చింది?" అని అరిచినా సరే.

5. ఒక నిమిషం ఆగి మళ్లీ చూసి, రెండూ రాసుకోండి. నచ్చిన నంబరు వచ్చేదాకా నొక్కి, చివరిది మాత్రమే రాసుకునేవాళ్లు చాలామంది. అలాంటి పుస్తకం డాక్టరుకు ఎందుకూ పనికిరాదు.

మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత కొనసాగించండి. పొద్దున టిఫిన్‌కూ, బీపీ మాత్రకూ ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చొప్పున 7 రోజులు చూడండి. తొలిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరును కలవాలి. క్లినిక్‌లో 140/90 అనే హద్దుకు ఇంట్లో సమానం ఇదే. గర్భిణులకు, గుండె లయ తప్పేవారికి లెక్కలు వేరు, వాళ్లు డాక్టరును అడిగే చూసుకోవాలి.

180/120 దాటితే కంగారుపడి సొంతంగా ఇంకో మాత్ర వేసుకోవద్దు. కాసేపు కూర్చుని మళ్లీ చూడండి. అయినా తగ్గకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం ఉంటే మాత్రం రెండో రీడింగ్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.