హైస్కూలు కార్యకలాపాలు ఎంచుకునే ముందు

అమెరికాలో హైస్కూలులో చేరిన పిల్లలు పాఠ్యేతర కార్యకలాపాలను ఎంచుకునే ముందే, చాలా కాలేజీల్లో ప్రవేశానికి నింపే ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ అప్లికేషన్‌లోని ఆ విభాగాన్ని ఒకసారి చూడటం మంచిది. అందులో 10 కార్యకలాపాలకు మించి చోటుండదు. ఒక్కొక్క దాని వివరణ 150 అక్షరాలు దాటకూడదు, పైగా వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, ఏయే తరగతుల్లో చేశారన్నది కూడా అడుగుతారు. ఎంఐటీ అయితే తన సొంత దరఖాస్తులో నాలుగింటితోనే సరిపెడుతుంది. కనుక కనబడిన క్లబ్బులన్నింటిలో పేరు రాయించడం కంటే, 9వ తరగతి నుంచి విడవకుండా సాధన చేసిన కూచిపూడి గానీ, చిన్నపిల్లలకు నేర్పే స్థాయికి ఎదిగిన రోబోటిక్స్ గానీ అక్కడ బలంగా నిలుస్తుంది. జీతానికి చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగానికీ, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే బాధ్యతకూ ఆ పత్రంలో ప్రత్యేక వర్గాలున్నాయి. మనవాళ్లు ఎందుకో వీటిని నామోషీగా భావించి వదిలేస్తుంటారు. గంటల లెక్కను మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాదే రాసిపెట్టుకోవాలి.