పాత స్పెక్ట్రమ్ కంప్యూటర్ క్యాసెట్లలోని ఆటలు, ప్రోగ్రాములు పోకముందే దింపుకోండి

అటక మీంచి దించిన క్యాసెట్‌ను వెంటనే టేప్ రికార్డర్‌లో పెట్టి ప్లే నొక్కకండి. ముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, మధ్యలో ఉండే కిటికీలోంచి చూడండి. టేపు చుట్ట అంచు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. మా కోస్తా తేమకు ఇది మామూలే. బూజు పట్టిన టేపును ఆడిస్తే ఆ పొడి టేపును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటివి పక్కన పెట్టి, బాగున్నవాటి పని ముందు కానివ్వండి.

గుంటూరులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేయడం నా వృత్తి. పాటల క్యాసెట్లు ఎన్నో చూశాను గానీ, నాకు బాగా ఇష్టమైనవి కీచుమనే శబ్దం తప్ప ఇంకేమీ వినిపించని క్యాసెట్లు. అవి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌వి. క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ ఇంగ్లండ్‌లో 1982 ఏప్రిల్‌లో దాన్ని విడుదల చేసింది. 48 కిలోబైట్ల మెమరీ ఉన్న 48కే మోడల్ ధర అప్పట్లో 175 పౌండ్లు. మన దేశంలో 1986 నుంచి డెసిబెల్స్ అనే సంస్థ లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో అమ్మింది. మా ఇంటికి వచ్చింది మాత్రం ఇంగ్లండ్‌దే, మా బావగారు తెచ్చారు. డిస్కు లేదు, మానిటర్ లేదు. టీవీకి ఒక వైరు, టేప్ రికార్డర్‌కు ఒక వైరు, అంతే. ప్రోగ్రామ్ మొత్తం శబ్దంగా మారి టేపు మీద ఉండేది.

ఏ క్యాసెట్ ముందు ఎక్కించాలో చెబుతాను, ఇది ముఖ్యం. మానిక్ మైనర్, జెట్ సెట్ విల్లీ, నైట్ లోర్ లాంటి పేరున్న ఆటల గురించి టెన్షన్ పడకండి. ప్రపంచంలో చాలామంది వాటిని ఎప్పుడో భద్రం చేశారు. మీ ఇంట్లో ఎవరో కూర్చుని టైప్ చేసి, సీ-60 క్యాసెట్ వెనకవైపు సేవ్ చేసుకున్నది మాత్రం ఆ టేపు మీద తప్ప ఇంకెక్కడా లేదు. మొదట దాన్ని కాపాడండి.

మా తమ్ముడి క్యాసెట్ అలాంటిదే. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకు 21 చోట్లు ఉండేవి. ఒక్కో అక్షరానికి ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గడులు. వాడు గ్రాఫ్ పుస్తకంలో పెన్సిల్‌తో గడులు నింపుకుని, నిండినదానికి ఒకటి, ఖాళీకి సున్నా చొప్పున ఒక్కో వరుసా టైప్ చేసేవాడు. అ నుంచి ఔ దాకా, ఋ ౠలతో కలిపి 14. మిగిలిన ఏడు చోట్లలో అమ్మ పేరుకు కావలసిన హల్లులు, గుణింతాలు పెట్టాడు. ఎనిమిది గడుల్లో ఈ, ఋ ఇరికించడం ఎంత కష్టమో మీరు ఒకసారి గీసి చూడండి. ఆ 21 అక్షరాలూ కలిపి 168 బైట్లు. టేపు మీద సుమారు ఒక సెకను శబ్దం. దాన్ని బయటకు తీయడానికి నేను ఎంత జాగ్రత్త పడ్డానో ఇప్పుడు మీకూ అదే చెబుతున్నాను.

క్యాసెట్ పైఅంచున వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. అవి ఉంటే విరిచేయండి, ఇక పొరపాటున కూడా దాని మీద రికార్డ్ కాదు. టేపు వెనకాల చిన్న స్ప్రింగు మీద అతికించిన మెత్త ఉందో లేదో చూడండి. పాత క్యాసెట్లలో జిగురు ఎండిపోయి అది ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్‌ను సరిగా ఆనదు, శబ్దం మందగిస్తుంది. అప్పుడు స్క్రూలున్న ఇంకో క్యాసెట్ విప్పి, చుట్టలను అందులోకి మార్చాలి. తర్వాత ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటిదాకా రివైండ్ చేయండి. ఏళ్ల తరబడి అతుక్కున్న చుట్టలు వదులవుతాయి.

రికార్డర్ విషయంలో నా మాట వినండి: ఖరీదైన స్టీరియో డెక్ కంటే ఒకే స్పీకర్ ఉన్న మామూలు మోనో రికార్డర్ ఈ పనికి మేలు. స్టీరియోదే దొరికితే రెండు చానళ్లు కలపకుండా ఒక్కటే తీసుకోండి. టేపు బుస్సుమనే శబ్దాన్ని తగ్గించే డాల్బీ మీట ఆపేయండి. బెల్టు సాగి ఉంటే కొత్తది వేయించండి, వేగం ఊగితే కంప్యూటర్ లెక్క తప్పుతుంది. హెడ్‌నూ, టేపును లాగే సన్నటి కడ్డీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో నల్లమరక రాకుండా పోయేదాకా తుడవండి. రబ్బరు రోలర్‌కు మాత్రం తడి తక్కువగా వాడండి.

ఇప్పుడు అసలు పని. హెడ్ పక్కన చిన్న స్ప్రింగుతో ఒక స్క్రూ ఉంటుంది. అది హెడ్ వాలును మారుస్తుంది. మేం దీన్ని హెడ్ సెట్టింగ్ అంటాం. మీ క్యాసెట్ ఏ రికార్డర్‌లో రికార్డయిందో దాని హెడ్ ఎంత వాలుగా ఉండేదో, ఇప్పుడు ఆడించేదీ అంతే వాలుగా ఉండాలి. తేడా వస్తే సన్నటి శబ్దాలు ముందు పోతాయి. స్పెక్ట్రమ్ టేపులో సున్నా అంటే సుమారు 2,050 హెర్ట్జ్ శబ్దం, ఒకటి అంటే దాంట్లో సగం. సన్నటివి మసకబారితే సున్నాలు పోయినట్టే. కాబట్టి క్యాసెట్ ఆడుతుండగా, కీచుమనే భాగం దగ్గర, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. శబ్దం ఎక్కడ అత్యంత పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత చేయలేనిది ఈ ఒక్క పని చేస్తుంది. అందుకే దీనికి ఎంత సమయమైనా ఇవ్వండి, ప్రతి క్యాసెట్‌కూ విడిగా చేయండి.

రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌లోకి వైరు కలపండి. ఇప్పటి లాప్‌టాప్‌లలో విడిగా లైన్ ఇన్ ఉండదు కనుక యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనుక్కోండి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మోనో, 44,100 హెర్ట్జ్, 16 బిట్ పెట్టి రికార్డ్ చేయండి. శబ్దం ఎరుపు గీతను తాకకూడదు. నాయిస్ తగ్గించే మీటలేవీ వాడొద్దు, ఎంపీ3 చేయొద్దు, వేవ్ ఫైలుగానే ఉంచండి. ఒక వైపు మొత్తం, మధ్యలోని నిశ్శబ్దంతో సహా రికార్డ్ చేయాలి. మధ్యలో ఏముందో అట్టమీద రాసి ఉండకపోవచ్చు.

వింటుంటే ఎక్కడ ఏముందో తెలుస్తుంది. ముందు అయిదు సెకన్లపాటు ఒకే స్వరం, తర్వాత చిన్న కిచకిచ. ఆ కిచకిచలోనే ప్రోగ్రామ్ పేరు, పొడవు ఉంటాయి. కాస్త నిశ్శబ్దం, మళ్లీ స్వరం, ఆపైన అసలు సరుకు. పెద్ద ఆటకు నాలుగైదు నిమిషాలు పడుతుంది.

తర్వాత ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ (ఇప్పటి కంప్యూటర్‌ను పాత స్పెక్ట్రమ్‌లా నడిపించే ప్రోగ్రామ్), దానితోపాటు దొరికే యుటిలిటీల్లో ఆడియో2టేప్ అనేది దింపుకోండి. అది వేవ్ ఫైలును, ఎమ్యులేటర్ టేపులా చదివే టీజెడ్‌ఎక్స్ ఫైలుగా మారుస్తుంది. ట్యాప్ అనే ఇంకో రకం కూడా ఉంది గానీ, వేగంగా ఎక్కేలా ప్రత్యేకంగా రికార్డ్ చేసిన ఆటలను అది పట్టుకోలేదు. ఫ్యూజ్‌లో 48కే మోడల్ ఎంచుకుని ఆ ఫైలు తెరవండి. జె నొక్కితే లోడ్ అన్న మాట వస్తుంది, కంట్రోల్‌తో పి రెండుసార్లు నొక్కితే కోట్ గుర్తులు, ఆపైన ఎంటర్. ఫైలును గబుక్కున ఎక్కించేసే సెట్టింగు ఉంటుంది, మొదటిసారికి దాన్ని ఆపి పెట్టండి. అంచున ఎరుపు, లేత నీలం చారలు, తర్వాత నీలం, పసుపు చారలు పరుగెత్తాలి. ముందు బొమ్మ నలుపు తెలుపుల్లో మూడు భాగాలుగా గీసుకుంటూ వచ్చి, చివర్లో రంగులు ఒక్కసారిగా పైనుంచి కిందికి నిండుతాయి. అది చూడకుండా ఆట మొదలుపెడితే సగం ఆనందం పోయినట్టే.

టేప్ లోడింగ్ ఎర్రర్ వస్తే నిరాశ పడొద్దు. హెడ్ స్క్రూ కొంచెం కదిపి మళ్లీ రికార్డ్ చేయండి, స్టీరియో డెక్ అయితే రెండో చానల్ తీసుకోండి. ఒకసారి పోయిన చోట ఇంకోసారి బాగా రావచ్చు. మా తమ్ముడి అక్షరాలు అలాగే వచ్చాయి. టీవీ తెర మీద అమ్మ పేరు తెలుగులో కనబడింది. ‘ఈ’ అక్షరం మాత్రం చూడగానే గుర్తుపట్టేలా ఉంది, వాడు గీసిన తీరు అంత బాగుంది.

టీజెడ్‌ఎక్స్ ఫైలు వచ్చాక కూడా వేవ్ ఫైలు చెరపకండి. రెండూ కలిపి ఒక ఫోల్డర్‌లో, క్యాసెట్ అట్ట ఫొటోతో, ఎవరు టైప్ చేశారో రాసిన చిన్న నోట్‌తో ఉంచి, ఇంకో హార్డ్ డిస్కులో కూడా పెట్టండి. ఇక అదే రికార్డర్‌లో పాటలు వినాలంటే, కంపెనీ పాటల క్యాసెట్ ఒకటి పెట్టి హెడ్ స్క్రూని మళ్లీ సరిచేసి, కదలకుండా దాని మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి.