ఘనపదార్థాల్లో హైడ్రోజన్ – మూడో పాఠం: లోపలికి ఎంత దూరం పోయింది?

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. పీడనం 1 బార్ నుంచి 100 బార్లకు పెరిగితే ఉక్కులో కరిగే హైడ్రోజన్ ఎన్ని రెట్లవుతుందని అడిగాను. పది రెట్లవుతుంది. కరిగే హైడ్రోజన్ పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందనేది సీవర్ట్స్ సూత్రం. వంద అని వచ్చినవాళ్లు అందులోని వర్గమూలాన్ని వదిలేశారన్నమాట. వాయువులో హైడ్రోజన్ పరమాణువులు జంటలుగా ఉంటాయి. లోహం ఉపరితలం మీద ఆ జంట విడిపోతుంది. లోపలికి పోయేవి విడి పరమాణువులే. వర్గమూలం అక్కడి నుంచే వచ్చింది. ఇది మనసులో నిలవకపోతే రెండో పాఠం ఇంకోసారి చదివి రండి, తొందరేం లేదు.

ఇవాళ నేర్చుకునేది ఒకే ఒక్క లెక్క. లోహంలోకి దిగిన హైడ్రోజన్ ఇంత సేపట్లో ఎంత లోతుకు పోతుందో కాగితం మీద అంచనా కట్టడం.

ఈ లెక్క ఎవరికి పనికొస్తుందని అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది వెల్డర్లే. పైడిభీమవరం పారిశ్రామికవాడలో పనిచేసే ఓ తమ్ముడు ఇలా అడిగాడు: "7018 రాడ్లు ఎండలో పెడితే సరిపోదేటి మాస్టారూ? ఓవెన్లోనే కాల్చాలంటారేటి?" సరిపోదు. 7018 అంటే పైన పూత ఉండే ఒక రకం వెల్డింగ్ రాడ్డు. మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ, రాడ్డు పూత దాన్ని పీల్చుకుంటుంది. ఎండకు పైతడి ఆరుతుందేగానీ పూతలో పట్టుకున్న నీరు పోదు. దానికి 300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో గంటో రెండు గంటలో కాల్చాలి. కచ్చితమైన అంకె రాడ్ల పెట్టె మీదే ఉంటుంది. లేకపోతే ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోయి, హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దిగుతుంది. అతుకు చల్లారాక చూస్తే బాగానే ఉంటుంది. పగులు కొన్ని గంటలకో, మర్నాటికో వస్తుంది. గట్టి ఉక్కుల అతుకుల్ని 48 గంటలు ఆగి తనిఖీ చేయాలనే నియమం అందుకే పుట్టింది. ఆ గంటల్లో హైడ్రోజన్ లోపల నడుస్తూ ఉంటుంది. ఎంత వేగంగా నడుస్తుందన్నదే మన ప్రశ్న.

లోహపు పరమాణువుల నడుమ చిన్న చిన్న ఖాళీలుంటాయి. హైడ్రోజన్ ఒక ఖాళీలో కూర్చుని కంపిస్తూ, తగినంత శక్తి దొరికినప్పుడు పక్క ఖాళీలోకి దూకుతుంది. రెండు ఖాళీల మధ్య శక్తి అడ్డు ఒకటుంటుంది. పొలాల మధ్య గట్టు లాంటిదనుకోండి. ఇకపై దాన్ని గట్టు అనే పిలుస్తాను. దూకుడుకు దిక్కు లేదు, ముందుకూ పడొచ్చు, వెనక్కీ పడొచ్చు. అందువల్ల నాలుగు రెట్ల కాలమిచ్చినా రెండు రెట్ల దూరమే పోతుంది. ఒక లోహంలో హైడ్రోజన్ ఎంత చురుగ్గా వ్యాపిస్తుందో చెప్పే అంకెను వ్యాపన గుణకం అంటారు. సూత్రం ఇది:

లోతు ≈ √(వ్యాపన గుణకం × కాలం)

స్వచ్ఛమైన ఇనుములో, గది ఉష్ణోగ్రత దగ్గర, హైడ్రోజన్ వ్యాపన గుణకం సెకనుకు దాదాపు 10⁻⁸ చదరపు మీటర్లు. గంటకు 3600 సెకన్లు. గుణిస్తే 3.6 × 10⁻⁵. వర్గమూలం తీసే ముందు ఘాతాన్ని సరిసంఖ్యగా మార్చుకోండి: 36 × 10⁻⁶. మూలం 6 × 10⁻³ మీటర్లు, అంటే 6 మిల్లీమీటర్లు. గట్టి ఇనుములో, ఒక్క గంటలో!

మామూలు ఉక్కులో గుణకం 10⁻¹⁰ అనుకుంటే అదే గంటలో 0.6 మిల్లీమీటర్లు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌లో దాదాపు 10⁻¹⁶. అక్కడ గంటకు 0.6 మైక్రోమీటర్లు మాత్రమే. స్టెయిన్‌లెస్‌లో పరమాణువుల అమరిక వేరు, గట్టు ఎత్తు ఎక్కువ. ఉక్కులో ఆలస్యానికి కారణం వేరే. దారిలో హైడ్రోజన్‌ను పట్టి ఉంచే లోపాలుంటాయి. వాటికి నాలుగో పాఠమంతా కేటాయించాను.

ఇప్పుడు తిరగేసి చేద్దాం. 24 మిల్లీమీటర్ల ఉక్కు పలక మధ్యలోని హైడ్రోజన్ బయటపడాలంటే 12 మిల్లీమీటర్లు నడవాలి. 0.012 వర్గాన్ని 10⁻¹⁰తో భాగిస్తే 14.4 లక్షల సెకన్లు, 16 రోజుల పైచిలుకు. వేడి చేసి గుణకాన్ని వందరెట్లు పెంచామనుకోండి, 4 గంటలు చాలు. వెల్డింగ్ అయ్యాక పోస్ట్‌హీట్ చేయమనడం వెనక ఉన్న లెక్క ఇదే. వెల్డర్లకు ఈ లెక్క ఎవరూ చెప్పకుండా కేవలం ఆజ్ఞలా చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇక ఐసోటోపుల దగ్గరికి, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల దగ్గరికి వద్దాం. మామూలు హైడ్రోజన్ ద్రవ్యరాశి 1, డ్యుటీరియం 2, ట్రిటియం 3. రసాయనపరంగా మూడూ ఒకటే, ఒకే ఖాళీల్లో కూర్చుంటాయి. బరువైనది నిదానంగా కంపిస్తుంది, కాబట్టి గట్టు దాటే ప్రయత్నాలు తక్కువ. తొలి అంచనాగా గుణకాన్ని ద్రవ్యరాశి వర్గమూలంతో భాగించాలి: డ్యుటీరియానికి 1.41తో, ట్రిటియానికి 1.73తో. ఇక్కడ జాగ్రత్త. లోతు కావాలంటే మళ్లీ వర్గమూలం తీయాలి. ఆ 6 మిల్లీమీటర్లను 1.41తో భాగించకూడదు, 1.19తో భాగించాలి. డ్యుటీరియానికి 5 మిల్లీమీటర్ల చిల్లర, ట్రిటియానికి 1.32తో భాగిస్తే 4.6 వస్తాయి.

పల్లేడియంలో మాత్రం ఈ అంచనా తలకిందులవుతుంది. పల్లేడియం హైడ్రోజన్‌ను విపరీతంగా పీలుస్తుందని 1866లోనే థామస్ గ్రాహమ్ చూపించాడు. గది ఉష్ణోగ్రత దగ్గర అందులో డ్యుటీరియమే హైడ్రోజన్ కంటే వేగంగా నడుస్తుంది! ఎంత చల్లబరిచినా పరమాణువు కంపనం పూర్తిగా ఆగదు. ఆ మిగులు శక్తి తేలికదానికి ఎక్కువ. పల్లేడియంలో ఖాళీ విశాలం, గట్టు మీది దారి ఇరుకు. ఇరుకులో కంపనం బిగుసుకుని ఆ మిగులు శక్తి పెరుగుతుంది, తేలికదానికి మరీ పెరుగుతుంది. ఫలితంగా హైడ్రోజన్‌కు గట్టు ఎత్తయింది. నియోబియం, వనేడియంలలో ఇలా జరగదు, అక్కడ హైడ్రోజన్‌దే ముందంజ. లోహం పేరు తెలియకుండా "తేలికది వేగం" అని ఎప్పుడూ రాయకండి.

ట్రిటియానికి ఇంకో సంగతి ఉంది. దాని అర్ధజీవితం, అంటే సగం తరిగిపోయే కాలం, 12.3 ఏళ్లు. ఏడాదికి ఐదున్నర శాతం హీలియం-3గా మారుతుంది. హీలియం లోహంలో కరగదు, బుడగలు కడుతుంది.

ఇంటి లెక్కలు రెండు. కళింగపట్నం, భావనపాడు తీరపు ఇసుకలో జిర్కాన్ ఉంది. దాని నుంచి వచ్చే జిర్కోనియంతోనే భారజల రియాక్టర్ల పీడన గొట్టాలు చేస్తారు. ఆ గొట్టంలోకి ఎక్కువగా చేరే ఐసోటోపు ఏది, ఎందుకు? రెండోది: స్వచ్ఛమైన ఇనుములో, గది ఉష్ణోగ్రత దగ్గర, ట్రిటియం 12 మిల్లీమీటర్లు పోవడానికి ఎన్ని గంటలు పడుతుంది? తొలి అంచనా చాలు. జవాబు 7 గంటల దగ్గర రావాలి. 4 వస్తే ద్రవ్యరాశిని మరిచారు.