ఎండాకాలం బాలింతలకి: నీళ్లు కాదు, తడి గుడ్డలు లెక్కపెట్టండి

బెజవాడ మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. మా పాప పుట్టింది ఆ ఎండల్లోనే. సత్యనారాయణపురంలో అమ్మావాళ్లింట్లో ఉన్నాను. కూలర్ ముందు పడుకోబెట్టినా పాప మెడ మడతల్లో చెమటే. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "గొంతు ఆరిపోతుందే, ఉగ్గుగిన్నెతో కాసిని నీళ్లు పట్టవే." దానికి తోడు "నీకు పాలు చాలుతున్నాయా?" అని. ఆ ప్రశ్నకి బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చిన రోజులున్నాయి.

తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. 6 నెలలు నిండేదాకా, ఎంత ఎండైనా, విడిగా నీళ్లు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ బుల్లి పొట్ట నీళ్లతో నిండితే పాలు తాగడం తగ్గుతుంది. దాహమనిపిస్తే ఇంకోసారి పాలు పట్టడమే. చెంబు పక్కన పెట్టుకుని తాగాల్సింది మనం.

ఇక పాలు చాలుతున్నాయా అన్న టెన్షన్‌కి నేను చేసింది ఇది. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి మంచం పక్కన గోడకి తగిలించాను, దారంతో పెన్సిల్ కట్టి. పాప ఒంటేలు పోసిన ప్రతిసారీ ఒక గీత. ఐదో రోజు దాటాక 24 గంటల్లో 6 గీతలైనా ఉండి, రంగు లేతగా ఉంటే పాలు అందుతున్నట్టే. గీతలు తగ్గినా, ముదురు పసుపు కనిపించినా, పాలకి లేపినా లేవకుండా మగతగా ఉన్నా వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మా పెద్దమ్మ ఆ గీతలు చూసి "ఇదేంటే, పాలవాడి లెక్కా?" అంది. చెప్పాను. మళ్లీ నీళ్ల ఊసెత్తలేదు.