ప్రదర్శనశాలలో పాత కత్తిని చదవడం ఎలా

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవారిలో చాలామంది జహంగీరు బాకు ఎక్కడ, నూర్జహాను పండ్లు కోసుకున్న కత్తి ఎక్కడ అని వెతుక్కుంటూ తిరుగుతారు. వాటిని చూడవలసిందే. అయితే పేరూ ఊరూ తెలియని కత్తులు వరుసగా పెట్టి ఉన్న అద్దాల పెట్టె ముందు ఒక్క అరగంట ఓపికగా నిలబడగలిగితే, చక్రవర్తుల పేర్ల వల్ల తెలియని సంగతులు అక్కడ తెలుస్తాయి. అందుకు ముందుగా ఒక నియమం పెట్టుకోవాలి. అలుగును, అంటే కోసే ఉక్కు భాగాన్ని, ఒక వస్తువుగా, పిడిని మరొక వస్తువుగా విడివిడిగా చూడాలి. రెండింటికీ ఒకే ఊరు, ఒకే కాలం అని ముందే అనుకోకూడదు.

కారణం తయారీలోనే ఉంది. తల్వారు అనే వంపు కత్తి పిడికి అలుగును సాధారణంగా మేకులతో బిగించరు. బోలుగా ఉన్న ఉక్కు పిడిలో వేడి లక్క మిశ్రమం నింపి, అలుగు కాడను అందులోకి దించి చల్లారనిస్తారు. మళ్ళీ కాచితే లక్క మెత్తబడి అలుగు ఊడి వస్తుంది. కాబట్టి తాత వాడిన అలుగుకు మనవడు కొత్త పిడి వేయించుకోవడం, యుద్ధంలో దొరికిన అలుగును తమ ప్రాంతపు పిడిలోకి మార్చుకోవడం మామూలుగా జరిగేవి. ఐరోపా నుంచి వచ్చిన తిన్నని అలుగులకు దక్కనులో పిడులు వేసి తయారుచేసిన కత్తులను ఫిరంగి అనేవారు. తెలుగులో ఫిరంగి అంటే ఇప్పుడు తోపు ఒక్కటే గుర్తుకు వస్తుంది గాని, ఆ మాటకు మూలం పరదేశీయుడన్న అర్థమే. మహారాష్ట్ర ప్రభుత్వం 2025లో లండన్ నుంచి తిరిగి తెప్పించిన నాగపూరు రఘోజీ భోంస్లే కత్తి ఇటువంటిదే. అలుగు ఐరోపాది. దాని వెన్ను మీద బంగారంతో పొదిగిన దేవనాగరి అక్షరాలలో యజమాని పేరుతో పాటు ‘ఫిరంగ్’ అన్న మాట కూడా ఉంది.

అలుగును చూడడానికి నిలబడే తీరు మార్చుకోవాలి. ఎదురుగా నిటారుగా నిలబడితే నల్లబడిన ఇనుము తప్ప ఏమీ కనిపించదు. కళ్ళు కత్తి మట్టానికి వచ్చేటట్టు మోకాళ్ళు వంచి, తలను నెమ్మదిగా పక్కకు జరుపుతూ, పైనున్న దీపపు వెలుగు అలుగు మీద జారేటట్టు చూడాలి. అప్పుడు కొన్నింటి మీద, చెరువు నీటిపై గాలి తగిలినప్పుడు లేచే సన్నని అలల వంటి చారలు తేలుతాయి. ఎవరో గీసిన బొమ్మలు కావవి. ఉక్కు స్వభావంలోనే ఉన్న చారలు. మూసలో ఇనుమునూ, కర్బనం ఇచ్చే బొగ్గునో ఆకులనో పెట్టి, మట్టితో మూతి మూసి, గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చి తీసిన ఉక్కు ముద్దలో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. నేడు ఇళ్ళ కట్టుబడికి వాడే కడ్డీలలో అది సుమారు పావు శాతమే. ఆ ముద్దను ఎక్కువ కాచకుండా, ఓపికగా సాగగొట్టినప్పుడు గట్టి రేణువులు వరుసలు కడతాయి, పైన ఆమ్లపు పూత తగిలినప్పుడు ఆ వరుసలే చారలై కనిపిస్తాయి.

ఐరోపావారు వూట్జ్ అని పిలిచిన ఈ ఉక్కు మనకు దూరపు సంగతి కాదు. ఆ పేరు దక్షిణాది ‘ఉక్కు’ అన్న మాట నుంచే వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊళ్ళలో ఒకటి. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఆ ఊరి కొలుములను చూసిన హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు, భూశాస్త్రవేత్త, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి కూడా అక్కడ చూసి రాసిపెట్టాడు. అందువల్ల లేబులు మీద ‘ఇరాన్’ అని కనిపించినంత మాత్రాన ఆ అలుగుకు మనతో సంబంధం లేదని తీర్మానించకూడదు. అలుగు సాగింది ఇరానులోనైనా, ఉక్కు ముద్ద మన నేలది అయి ఉండవచ్చు.

అలల చారలున్నదల్లా మూస ఉక్కే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. రెండు రకాల ఇనుములను పొరలుగా పేర్చి, మెలిపెట్టి అతికిన అలుగులలో చారలు పెద్దవిగా, ఒకే ఆకారం మళ్ళీ మళ్ళీ వచ్చేటట్టుగా ఉంటాయి. మూస ఉక్కు చారలు సన్నగా, ఒక చోట ఉన్నట్టు మరొక చోట ఉండకుండా సాగుతాయి.

ఇక పిడి. తల్వారు పిడి చిన్నదిగా ఉండడం చూసి, ఆ కాలపు మనుషుల చేతులు చిన్నవని మ్యూజియంలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది పొరపాటు. పిడి చివరనున్న గుండ్రని పళ్ళెం మణికట్టుకు ఆనుతుంది, చూపుడు వేలు తరచుగా అడ్డపట్టీ మీదుగా అలుగు మొదట్లోకి వస్తుంది. అందుకే చాలా తల్వారులలో పిడిని ఆనుకుని ఉన్న రెండు అంగుళాల మేర వాదర పదును పెట్టకుండా మొద్దుగా వదిలేస్తారు. ఆ మొద్దు భాగాన్ని కంటితో వెతికి పట్టుకోండి. కత్తిని ఎలా పట్టేవారో, చేతిని వెనక్కి లాగుతూ ఎలా కోసేవారో దానితోనే అర్థమవుతుంది. ఖండా అయితే తిన్నగా ఉండి మొన వైపు వెడల్పు అవుతుంది. పిడి చివర పొడవాటి ములుకు ఉంటుంది, రెండో చేతిని దాని మీద వేసి కొట్టడానికి.

కఠారి దగ్గర ఎక్కువ సేపు ఆగమని నా మనవి. రెండు నిలువు పట్టీల మధ్య అడ్డంగా ఉన్న కడ్డీలను పిడికిట బిగిస్తే, అలుగు చేతికి కొనసాగింపు అవుతుంది, పొడిచే బలమంతా మొనకు చేరుతుంది. మొనను పక్క నుంచి చూస్తే అక్కడ ఉక్కు సన్నబడవలసింది పోయి లావెక్కి కనిపిస్తుంది. ఇనుప వలయాల కవచాన్ని చీల్చేటప్పుడు విరగకుండా చేసిన ఏర్పాటు అది. మన్ననకు, అలంకారానికి చేయించిన కఠారులలో ఈ లావు తరచుగా కనిపించదు. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న తంజావూరు ఆయుధాలలో చేతి వెనుక భాగాన్ని కప్పే ఉక్కు రెక్కలున్న కఠారులు చూడవచ్చు. దక్షిణాది కమ్మరి పనికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వాటిలో కొన్నింటి అలుగు మొదట్లో మేకుల తలలు కనిపిస్తాయి. ఐరోపా కత్తిని కురచ చేసి బిగించిన గుర్తులవి.

మిగిలిన బాకులను త్వరగానే గుర్తుపట్టవచ్చు. పిడి, అలుగు రెండూ ఉక్కే అయి, అలుగు రెండు వంపులు తిరిగితే అది దక్కను చిలానం. తిన్నగా సన్నబడుతూ, వెన్ను మందంగా ఉంటే పేష్‌కబ్జ్. పచ్చరాతి పిడి గలవి చాలావరకు దర్బారుకు చేసినవి. వాటిలో రాళ్ళు పొదిగిన తీరును, మేలిమి బంగారపు రేకును రాయి చుట్టూ వేడి లేకుండానే నొక్కి బిగించిన కుందన్ పనిని చూడాలి.

ఉక్కు మీద బంగారపు పని ఉంటే, అది అరిగిన చోటు చూడాలి. సన్నని అడ్డగీతలు, నిలువుగీతలు బయటపడితే అది కోఫ్త్‌గరీ. ఉక్కును గరుకుగా గీకి, బంగారు తీగను ఆ గరుకు మీద సుత్తితో కొట్టి పట్టించారన్నమాట. గాడి కనిపిస్తే అసలైన పొదుగుడు.

చివరగా ముద్రలు. నాలుగు గళ్ళ చిన్న చదరం, అందులో 2, 4, 6, 8 అంకెలు కనిపిస్తే అది ‘బదూహ్’ అనే రక్ష గుర్తు. పేరుపొందిన ఇరాను కత్తుల కమ్మరి అసదుల్లా ఇస్ఫహానీ సంతకం ఉంటే తొందరపడవద్దు. ఆ పేరు చాలా తరాల అలుగుల మీద ఉంది గనుక, అది ఒక్క మనిషి చేతిపని అయ్యే వీలు లేదు. నాకు అన్నింటికంటే విలువైనవిగా తోచేవి చుక్కలు చుక్కలుగా పొడిచిన దేవనాగరి అక్షరాలు. అవి రాజస్థాన్‌లోని బికనేరు ఆయుధశాల లెక్కల గుర్తులు. బికనేరు మహారాజా అనూప్‌సింగ్ 1689లో ఆదోని పతనమైనప్పుడు తీసుకువెళ్ళిన దక్కను ఆయుధాల మీద, అవి ఆదోనిలో పట్టుబడినవని అటువంటి అక్షరాలలోనే రాయించి ఉంది. కర్నూలు జిల్లా నుంచి ఎడారికి, అక్కడి నుంచి విదేశీ మ్యూజియాలకు చేరిన కత్తుల దారి ఆ చుక్కల వల్లనే నేడు తెలుస్తోంది.

ఇంట్లో పూర్వీకుల కత్తి ఉన్నవారికి ఇదంతా మరింత అవసరం. ఆయుధపూజకు చింతపండుతో తోమి, గరుకు కాగితంతో రుద్ది, అద్దంలా మెరిపించిన ఒక పాత తల్వారును నేను చూశాను. పిడి సందులో వేలెడు మేర మాత్రం అలల చారలు మిగిలాయి. మిగిలినదంతా సాదా ఇనుములా ఉంది. మీ దగ్గర అటువంటిది ఉంటే నూలు చేతి తొడుగులు వేసుకుని, మెత్తని బట్టతో దుమ్ము తుడిచి, పలుచగా మినరల్ ఆయిల్ పూసి, ఒరలో పెట్టకుండా పొడి చోట విడిగా ఉంచండి. తోలు, చెక్క చెమ్మను పట్టి ఉంచుతాయి, తుప్పు ఒర లోపలే మొదలవుతుంది.