పెద్దమ్మకు మళ్లీ భారత పౌరసత్వం: విశాఖలో కాగితాలు సిద్ధం చేసుకునే విధానం

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు అమెరికాలో ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకుని, పెదనాన్న పోయాక ఎంవీపీ కాలనీలోని సొంత ఇంటికి వచ్చేసింది. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది కాబట్టి ఇక్కడ ఎన్నేళ్లున్నా వీసా బాధ లేదు. కానీ 2024 మే 13న వీధి వీధంతా వేలికి సిరా చుక్క పెట్టించుకుని వస్తుంటే, "సొంత ఊళ్లో నాకు ఓటు లేకుండా పోయింది నాన్నా" అని చాలాసేపు గేటు దగ్గరే నిలబడింది. ఆ కాగితాల పని నేను చేసిపెడతానని ఆ రోజే చెప్పాను. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకున్న రోజే మన పౌరసత్వం దానంతటదే రద్దవుతుంది. మన దగ్గర రెండు పౌరసత్వాలు కుదరవు. ఓసీఐ అంటే దీర్ఘకాల వీసా లాంటిది, పౌరసత్వం కాదు. తిరిగి పొందడానికి 1955 పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 5 ప్రకారం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. పెద్దమ్మలాంటి వారికి రెండు దారులున్నాయి. ఒకప్పుడు భారత పౌరులై ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలుగా ఇక్కడే నివసిస్తున్నవారు 5(1)(ఎఫ్) కింద అడగవచ్చు. ఓసీఐ కార్డుదారుగా నమోదై అయిదేళ్లు నిండి, ఆ పన్నెండు నెలల నివాసమూ ఉన్నవారికి 5(1)(జి) ఉంది. మేం రెండోదే ఎంచుకున్నాం. ఓసీఐ కార్డు మీద తేదీ స్పష్టంగా ఉంటుంది, పాత పౌరసత్వాన్ని వేరే కాగితాలతో నిరూపించుకునే శ్రమ తగ్గుతుంది. ఏ దారిలో వెళ్లినా, ఒకసారి పౌరసత్వం పోయినవారిని మళ్లీ నమోదు చేయాలంటే కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు తప్పనిసరి. జిల్లాలో తేలిపోయే పని కాదు.

కాగితాలు బయటికి తీసే ముందు పెద్దవాళ్లతో కూర్చుని ఒక మాట తేల్చుకోండి. దరఖాస్తు మంజూరైతే ఆ దేశ పౌరసత్వం వదులుకుంటామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆ తర్వాత మనవల్ని చూడటానికి వెళ్లాలన్నా వీసాకు అప్లై చేసుకోవాల్సిందే. అక్కడి పెన్షన్, పన్నుల మీద ఏ ప్రభావం ఉంటుందో కూడా ముందే కనుక్కోవాలి. పెద్దమ్మ రెండు వారాలు ఆలోచించుకుంది. తొందరపెట్టకపోవడమే మంచిదైంది.

ఇక అసలు పని పేర్ల దగ్గరే. ఆమె ఎస్సెస్సెల్సీ పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. పాత భారత పాస్‌పోర్టులో మెట్టినింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. అమెరికా పౌరసత్వ సర్టిఫికెట్‌లో అదే ఇంటిపేరు చివరికి వెళ్లింది, పేరులోని 'లక్ష్మి' ఒకచోట 'ఐ'తో, ఇంకోచోట 'వై'తో ముగిసింది. ఇది మనింట్లో మనకు సమస్యే కాదు. ఫైలు చూసేవారికి మాత్రం ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. అందుకే ఒక తెల్ల కాగితం మీద గళ్లు గీసి, ఏ కాగితంలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఎలా ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు రాశాను. తేడాలన్నీ ఒక్కచోట కనబడ్డాయి. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీతో అఫిడవిట్ చేయించాం. దరఖాస్తులో మాత్రం ఇప్పటి పాస్‌పోర్టులో ఉన్న పేరే, అక్షరం మారకుండా రాయాలి.

తేదీలు ఇంకా జాగ్రత్త. అమెరికా కాగితాల్లో నెల ముందు, రోజు తర్వాత. ఆగస్టు 5 మన లెక్కలో మే 8 అయిపోతుంది. ఊరి పేరూ అంతే. పెద్దమ్మ 1951లో చోడవరంలో పుట్టింది. అప్పుడది మద్రాసు రాష్ట్రం, తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. విశాఖ జిల్లాలో ఉండే ఆ ఊరు 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. పాత కాగితంలో ఉన్న జిల్లా తప్పు కాదు. అడిగితే ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి. జనన ధ్రువీకరణ పత్రం లేకపోతే ఆలస్యపు నమోదుకు పుట్టిన ఊరి రిజిస్ట్రార్ దగ్గర మొదలుపెట్టాలి. ఏడాది దాటిన నమోదుకు మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి కాబట్టి అన్నిటికంటే ముందు దీన్ని కదపండి.

సముద్రపు చెమ్మకు మా పెట్టెలోని పాత సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుపోయాయి. లాగితే అక్షరాలు ఊడతాయి. కవరు అంచులు కత్తెరతో మెల్లగా కోసి తీశాం. ఒరిజినల్స్‌కి లామినేషన్ చేయించకండి.

నివాసం రుజువుకు పాస్‌పోర్టు స్టాంపు ఒక్కటే చాలదు. మన ప్రయాణాల్లో చాలాసార్లు దిగేది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కాబట్టి స్టాంపులో విశాఖ ఉండదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ నెలలవారీగా పెట్టండి. ఆధార్ చిరునామాకు పనికొస్తుంది గానీ పౌరసత్వానికి రుజువు కాదు. ఈ పన్నెండు నెలల్లో దేశం దాటకపోతే నిశ్చింత. ప్రత్యేక కారణాలుంటే మొత్తం ముప్పై రోజుల వరకు సడలించే అధికారం కేంద్రానికుంది, కానీ అది ఇస్తారనుకుని టికెట్ కొనకూడదు.

దరఖాస్తు కేంద్ర హోంశాఖ పౌరసత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపాలి. సరైన సెక్షన్ ఎంచుకున్నామా అన్నది రెండుసార్లు చూసుకోండి. ఫైలు నంబరు రాసిపెట్టుకుని, ప్రింట్ తీసి సంతకం చేయించి, జతపరచిన కాగితాలతో మహారాణిపేటలోని కలెక్టరేట్‌లో ఇవ్వాలి. అందినట్టు రసీదు అడిగి తీసుకోండి. కలెక్టర్ నివేదిక రాష్ట్రానికి, అక్కడి నుంచి కేంద్రానికి వెళ్తుంది. మధ్యలో విచారణకు వస్తారు. వాళ్లు అడిగినప్పుడు పెద్దమ్మ తన నోటితో తను చెప్పుకోగలగాలి. అందుకే ఏ ఏడు ఎక్కడున్నదీ ఒక నోట్‌బుక్‌లో ఆమె చేతే రాయించాను. రాస్తున్నంతసేపూ పెదనాన్న కబుర్లే.

ఒక్క తప్పు మాత్రం చేయకండి. ఇక్కడ మంజూరు కాకముందే అమెరికా పౌరసత్వం వదిలేస్తే ఏ దేశమూ లేని స్థితి వస్తుంది. దరఖాస్తు అంగీకరించామని, పాత పౌరసత్వం వదిలిన పత్రం తెమ్మని రాతపూర్వకంగా వచ్చాకే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌ను సంప్రదించాలి. విధేయతా ప్రమాణం, సర్టిఫికెట్, ఆ తర్వాత ఓటు కోసం ఫారం 6. పెద్దమ్మ ఫైలు ఇంకా నడుస్తోంది. గళ్ల కాగితం, నోట్‌బుక్ రెండూ ఫోన్ పక్కనే పెట్టుకుంది.